రోగి మాటకు కేస్‌షీటులో చోటేది?

క్యాన్సర్‌తో మంచం పట్టిన మనిషిని పరామర్శించడానికి వెళ్ళినప్పుడు మనం అడిగే మాట ఒకటే: "ఎలా ఉంది?" వచ్చే జవాబూ ఒకటే: "అల్‌హమ్దులిల్లాహ్, బాగానే ఉంది." అది అబద్ధం కాదు. కష్టంలోనూ ప్రభువుకు కృతజ్ఞత చెప్పుకోవడం మన పెద్దలు నేర్పిన సంస్కారం. చూడవచ్చిన బంధువుకు ఆ జవాబు చాలు. అయితే అదే జవాబును డాక్టరు ముందు కూడా చెప్పినప్పుడు, అది కేస్‌షీటులోకి "ఇబ్బందులేమీ లేవు" అనే వాక్యంగా ఎక్కుతుంది. తర్వాతి కీమో మోతాదు, నొప్పి మందు, మళ్ళీ రావలసిన తేదీ అన్నీ ఆ వాక్యం మీదే ఆధారపడతాయి.

కోటబొమ్మాళి పరిసరాల్లో జబ్బుపడిన కుటుంబాల వెంట ఆసుపత్రులకు తిరిగిన కొందరం ఈ మాటలు రాస్తున్నాం. మాలో వైద్యులెవరూ లేరు. ఓపీ చీటీ కోసం తెల్లవారుజామున వరుసలో నిలబడ్డవాళ్ళం, వార్డు బయట నేల మీద పడుకున్నవాళ్ళం. మేము చూసినదాన్ని బట్టి చెప్పదలచుకున్నది ఇది: క్యాన్సర్ రోగి తన శరీరం గురించి, తన అవసరాల గురించి, తన నోటితో, తన భాషలో చెప్పేదాన్ని స్కాన్ రిపోర్టుతో సమానమైన వైద్య ఆధారంగా నమోదు చేయాలి. దాన్ని బట్టి చికిత్సను సర్దాలి. ఇది ఎవరో దయతో చేయవలసిన పని కాదు, రోగి హక్కు.

ఖాలాను ఎవరూ అడగలేదు

మా కుటుంబాల్లోని ఒక ఖాలాకు బుగ్గ లోపల మానని పుండు క్యాన్సర్ అని తేలింది. పట్నంలోని ఒక ఆసుపత్రిలో రేడియేషన్ మొదలుపెట్టారు. నాలుగో వారానికి నోటి లోపలి పొర ఊడిపోయింది. గంజి కూడా మింగుడు పడలేదు. చల్లార్చిన టీ నీళ్ళతో రోజులు గడిపింది. వారానికొకసారి డాక్టరు చూసేవారు. ఆయన ప్రశ్న ఖాలాకు కాక, పక్కన నిలబడ్డ కొడుక్కి వెళ్ళేది: "తింటోందా?" "తింటోంది సార్." కొడుకు మోసం చేయలేదు. పగలంతా కూలిపని వెతుక్కుని రాత్రికి వచ్చే అతనికి, కోడలు పళ్ళెంలో పెట్టింది తెలుసు గాని అత్త మింగింది ఎంతో తెలియదు. ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కార్డులో తూకం రాయవలసిన గడి రెండు వారాలుగా ఖాళీగా ఉంది.

ఒక రోజు ఆమె మరుగుదొడ్డి దగ్గర కూలిపోయింది. ముక్కు ద్వారా గొట్టం వేసి ఆహారం ఇవ్వడానికి, ఒంట్లో నీరు నిలవడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ రేడియేషన్ ఆగిపోయింది. తల, మెడ భాగాల క్యాన్సర్లలో రేడియేషన్ మధ్యలో ఆగితే ఫలితం తగ్గుతుందని వైద్యులే చెబుతారు. ఖాలా ఈ రోజు మన మధ్య లేరు. ఆ పది రోజులే కారణమని మేము అనలేం. కాని మూడో వారంలోనే ఎవరైనా ఆమె కళ్ళలోకి చూసి, "అమ్మా, ఈ వారం నీళ్ళు మింగితే నొప్పి ఎంత?" అని అడిగి ఉంటే ఆ గొట్టం ముందే పడేది, చికిత్స ఆగేది కాదు. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. అడగవలసిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు.

అడగడం కూడా చికిత్సే

ఈ మాట మా ఆవేదన నుంచి మాత్రమే పుట్టింది కాదు, దీని వెనుక శాస్త్రం ఉంది. 1991లో కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో డాక్టర్ ఎడ్వార్డో బ్రూయెరా, ఆయన సహచరులు ఒక చిన్న పత్రాన్ని తయారుచేశారు. నొప్పి, అలసట, వికారం, దిగులు, ఆందోళన, నిద్రమత్తు, ఆకలి, ఆయాసం వంటివాటికి రోగి తానే కొలత ఇవ్వాలి. సున్నా అంటే బాధ లేదు, పది అంటే అంతకు మించిన బాధ లేదు. ఒక్క కాగితం, కొన్ని నిమిషాలు. నేటికీ ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో అది వాడుకలో ఉంది.

న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ కేంద్రంలో డాక్టర్ ఈథన్ బాష్ బృందం ఇంకొక అడుగు ముందుకు వేసింది. ముదిరిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 766 మందిని ఎంచుకుని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపు సాధారణంగా కనిపించే 12 లక్షణాల గురించి కంప్యూటరు ద్వారా తామే ఎప్పటికప్పుడు తెలియజేయాలి. ఏదైనా లక్షణం తీవ్రమైతే నర్సుకు వెంటనే హెచ్చరిక వెళుతుంది. రెండో గుంపువారికి అత్యవసర విభాగానికి పరుగెత్తవలసిన అవసరం తగ్గింది. వారు కీమోను ఎక్కువ కాలం తట్టుకున్నారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మామూలు వైద్యం పొందినవారి మధ్యస్థ జీవితకాలం 26 నెలలు కాగా, తమ బాధను తామే తెలియజేసినవారిది 31.2 నెలలు. కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. అడిగారు, విన్నారు, వెంటనే స్పందించారు. ఐదు నెలల ఆయుష్షు అక్కడి నుంచి వచ్చింది.

ఆ అధ్యయనంలో మన దృష్టికి రావలసిన సంగతి మరొకటి ఉంది. అంతకుముందు కంప్యూటరు అలవాటు లేనివారికే దానివల్ల మేలు ఎక్కువ జరిగింది. "చదువురాని పల్లెటూరి ఆడవాళ్ళకు ఇవన్నీ ఎందుకు" అనేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. అది అమెరికా మహానగరంలోని పెద్ద ఆసుపత్రి, మన స్థితి వేరు అన్నది నిజమే. అక్కడి యంత్రాన్ని తెచ్చి ఇక్కడ పెట్టమని మేము కోరడం లేదు. అక్కడ రుజువైన సూత్రాన్ని మన కాగితం మీద, మన ఫోను మీద, మన ఆశా కార్యకర్త నోట అమలు చేయమంటున్నాం.

ఏ పరీక్షా చెప్పలేని బాధలు కొన్ని ఉంటాయి. కొన్ని కీమో మందుల వల్ల అరచేతులు, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేరు, బియ్యంలో రాయి ఏరలేరు. రక్తపరీక్షలో అది కనబడదు. రోగి చెబితేనే డాక్టరు మోతాదు తగ్గించగలరు. చెప్పకపోతే ఆ తిమ్మిరి శాశ్వతంగా మిగిలిపోవచ్చు. కీమో తర్వాత వచ్చే జ్వరం మరొకటి. తెల్లకణాలు పడిపోయిన ఒంటికి అది ప్రాణాంతకం. అది గంటల్లో ఆసుపత్రికి చేరవలసిన జ్వరమని తెలియక, మందుల కొట్టులో బిళ్ళ కొనుక్కుని రెండు రోజులు చూసినవాళ్ళను మేము ఎరుగుదుం.

నోరు తెరిపించి చూసిన జిల్లా

శ్రీకాకుళం జిల్లా క్యాన్సర్ శాస్త్రానికి కొత్తది కాదు. నిప్పు ఉన్న కొనను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు మన తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో ఉండేది. దాని వల్ల అంగిలికి కలిగే హాని మీద జరిగిన అధ్యయనం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వెలువడింది. అందుకోసం పరీక్షించిన గ్రామస్థులు 10,169 మంది. పొగాకు మాన్పించే ప్రయత్నాల మీద 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో కూడా ఎర్నాకుళం, భావనగర్‌లతో పాటు శ్రీకాకుళం ఉంది. ఆ శాస్త్రజ్ఞుల కృషి వృథా కాలేదు. అడ్డపొగ నోటికి చేసే హానిని ప్రపంచానికి తెలియజెప్పడంలో మన గ్రామాలకూ పాత్ర ఉంది.

అర్ధ శతాబ్దం కిందట మన అమ్మమ్మల నోళ్ళు తెరిపించి లోపల ఏముందో చూసి లెక్క రాసుకున్నారు. ఆ నోళ్ళు చెప్పే మాటను రాసుకోవడమే ఇంకా మిగిలి ఉంది. ఉద్దానం కిడ్నీ బాధితుల గోడు పాలకుల చెవిన పడటానికి దశాబ్దాలు పట్టిన జిల్లా మనది. బాధ చెప్పుకున్నవాడి మాటను ఆధారంగా తీసుకోకపోతే ఎంత కాలం, ఎన్ని ప్రాణాలు పోతాయో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

దూరం, భాష, పరదా

ఈ సమస్య రోగులందరిదీ. అయితే ముస్లిం కుటుంబాల మీద, అందులోనూ స్త్రీల మీద దీని భారం రెట్టింపు అవుతుంది.

మొదటిది దూరం. కోటబొమ్మాళి నుంచి విశాఖపట్నం దాదాపు నూట యాభై కిలోమీటర్లు. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి నగరానికి ఆవలి వైపు అగనంపూడిలో ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడి శస్త్రచికిత్సకు, కీమోకు, రేడియేషన్‌కు దారి దొరికింది. పథకం పేరు మారినా ఆ దారి మూసుకుపోకుండా ఉండటం మేలు. కాని రెండు కీమోల మధ్య ఇంట్లో గడిచే మూడు వారాలు ఎవరి లెక్కలోనూ లేవు. అసలు బాధంతా ఆ మూడు వారాల్లోనే ఉంటుంది.

రెండవది భాష. మనలో చాలామందికి వీధిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రెండూ ఒకటే. బాధ వచ్చినప్పుడు మాత్రం మనిషి నోటికి తల్లిభాషే వస్తుంది. మన స్త్రీలు "ఘబరాహట్" అంటారు. పక్కనున్న కుర్రాడు దాన్ని "భయంగా ఉందట" అని తెలుగులో చెబుతాడు. డాక్టరు ధైర్యం చెప్పి పంపుతారు. ఆమె చెప్పదలచుకున్నది గుండె దడ కావచ్చు, ఊపిరి అందకపోవడం కావచ్చు. తెలుగులోనూ నొప్పి ఒక్కటే కాదు. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వేరు. నరం దెబ్బతిని వచ్చే మంటకు వాడే మందు, కణితి ఒత్తిడి వల్ల వచ్చే పోటుకు వాడే మందు ఒకటి కాదు. అన్నింటినీ "నొప్పి" అని ఒకే మాటగా రాసేస్తే తప్పు మందు వెళుతుంది. 2022లో రాష్ట్ర శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించింది. ఆ గుర్తింపు బోర్డుల మీద ఆగిపోకూడదు, రోగి పడక దాకా రావాలి. మా జిల్లాలో ఒడియా మాట్లాడేవారు, సవర మాట్లాడేవారు ఉన్నారు. వారికీ ఇదే హక్కు దక్కాలని మేము వారితో కలిసి అడుగుతున్నాం.

మూడవది పరదా. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో స్రావం, దుర్వాసన, మూత్రం ఆపుకోలేకపోవడం వంటి బాధలు ఉంటాయి. వాటిని మన స్త్రీ కొడుకు ముందు చెప్పదు, పురుష డాక్టరు ముందు అసలే చెప్పదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో సిద్ధం చేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం, పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ తోడు, మతం కారణంగా వివక్ష లేని చికిత్స అందులో ఉన్నాయి. అవి రోగికి చెప్పే హక్కులు. రోగిని అడిగే బాధ్యత కూడా వాటి పక్కన చేరాలి.

సహనం అంటే మౌనం కాదు

తప్పంతా ఆసుపత్రుల మీద మోపి మనం తప్పుకోలేం. మన ఇళ్ళలోనే రోగి నోరు మూతపడుతోంది. "సబర్ చెయ్యి" అని మనమే అంటాం. జబ్బు పేరు కూడా ఆమెకు చెప్పకుండా దాస్తాం. హజ్రత్ అయ్యూబ్ అలైహిస్సలాం సహనానికి ఆదర్శమని పిల్లలకు చెబుతాం. ఆ ప్రవక్త తన బాధను ప్రభువుకు విన్నవించుకున్నారన్న సంగతి మాత్రం మరచిపోతాం. బాధ చెప్పుకోవడం సహనానికి విరుద్ధమైతే ఆ విన్నపం ఎలా సాధ్యమయ్యేది?

రంజాన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోగికి ఉపవాసం నుంచి సడలింపు ధర్మమే ఇచ్చింది. అయినా నోటి మాత్రలుగా మార్ఫిన్ వాడుతూ కూడా రహస్యంగా రోజా ఉండేవారు మనలో ఉన్నారు. సాధారణ మార్ఫిన్ బిళ్ళ ప్రభావం సుమారు నాలుగు గంటలే. పగటి మోతాదులన్నీ మానేస్తే సాయంత్రానికి నొప్పి భరించరానిదవుతుంది. డాక్టరు అడగరు, రోగి చెప్పదు. "రోజా ఉంటున్నారా, ఉండాలని ఉందా?" అని గౌరవంగా ఒక్క ప్రశ్న వేస్తే, సడలింపు గురించి ఇమాము చేత చెప్పించవచ్చు, మందు వేళలూ సర్దవచ్చు. అవసరాలు అడగడమంటే మా ఉద్దేశం ఇదీ.

"డాక్టర్లకు సమయం ఎక్కడిది" అంటారు. ఓపీలో రద్దీ మాకు తెలుసు. అందుకే ఈ ప్రశ్నలు డాక్టరే అడగనక్కరలేదంటున్నాం. వరుసలో గంటల తరబడి కూర్చున్న రోగి దగ్గరకు ఒక నర్సు కాగితంతో వస్తే చాలు. డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి "నొప్పి 8, మింగడం 9" అన్న అంకెలు ముందే బల్ల మీద ఉంటాయి. అది సమయాన్ని మిగులుస్తుంది. "రోగులు ఎక్కువ చేసి చెబుతారు" అనేవారూ ఉన్నారు. మా అనుభవం దీనికి తలకిందులు. మందు ఖర్చు పెరుగుతుందేమో, చికిత్స ఆపేస్తారేమో, కొడుకుకు భారమవుతానేమో అని తగ్గించి చెప్పేవారే ఎక్కువ.

కేరళ నుంచి ఒక పాఠం

1993లో కోళికోడ్‌లో నొప్పి నివారణ, ఉపశమన వైద్యం కోసం ఒక చిన్న సంస్థ మొదలైంది. తర్వాతి దశాబ్దంలో అది ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లా సహా చుట్టుపక్కల ఊళ్ళకు ఇరుగుపొరుగు సేవా బృందాలుగా విస్తరించింది. మామూలు గృహస్థులు, విద్యార్థులు, చిన్న వ్యాపారులు శిక్షణ పొంది, వారానికి కొన్ని గంటలు రోగి ఇంటికి వెళ్ళి కూర్చుని అడిగేవారు: నొప్పి ఎలా ఉంది, నిద్ర పట్టిందా, ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడికి వెళుతున్నారా. వారు తెచ్చిన కబురును బట్టి నర్సు, డాక్టరు కదిలేవారు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన వైద్యానికి ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. ప్రజలు ముందు నడిచారు, ప్రభుత్వం వెనుక వచ్చింది. కోటబొమ్మాళిలో మన ఇళ్ళు కొన్నే. ఈ పని హిందూ, క్రైస్తవ ఇరుగుపొరుగుతో కలిసి చేయాలి. కొత్తమ్మతల్లి సంబరానికి ఊరంతా కలిసే చోట రోగి కోసం కలవడం కష్టం కాదు.

మేము అడుగుతున్నవి

ప్రభుత్వాన్ని, క్యాన్సర్ వైద్యం చేసే ఆసుపత్రులన్నింటినీ మేము అడిగేవి ఇవి. ఇవి ఉన్నచోట విస్తరించాలి, లేనిచోట మొదలుపెట్టాలి.

ఒకటి: ప్రతి రోగిని ప్రతి రాకలోనూ లక్షణాల పత్రంతో అడగాలి. ఆ పత్రం తెలుగు, ఉర్దూ, ఒడియా, సవర భాషల్లో ఉండాలి. చదవలేనివారికి బొమ్మలతో ఉండాలి. పూర్తయిన పత్రం కేస్‌షీటులో చేరాలి.

రెండు: స్త్రీ రోగిని స్త్రీయే, బంధువులు పక్కన లేనప్పుడు, కనీసం ఐదు నిమిషాలు విడిగా అడగాలి.

మూడు: రెండు కీమోల మధ్య వారానికొకసారి ఏఎన్‌ఎం గాని ఆశా కార్యకర్త గాని అవే ప్రశ్నలు అడిగి ఆసుపత్రికి తెలపాలి. ముప్ఫై ఏళ్ళు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష చేయించే కార్యక్రమం ఇప్పటికే ఉంది. జబ్బు కనిపెట్టడానికి గడప తొక్కినవారు, జబ్బు తేలాక కూడా ఆ గడపకు రావాలి. తీవ్రమైన బాధ తెలిపితే ఒక్క రోజులో జవాబు రావాలి. జవాబు లేని ప్రశ్నపత్రం రోగిని అవమానించడమే.

నాలుగు: 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి మార్ఫిన్ అనుమతులను సులభం చేశారు. ఆ సవరణ ఫలితం జిల్లా దాకా రావాలి. నొప్పి 8 అని చెప్పిన మనిషి మందు కోసం విశాఖ బస్సు ఎక్కవలసిన అవసరం ఉండకూడదు.

ఐదు: అవే పత్రాల్లో అవసరాల గడి ఉండాలి. బస్సు ఛార్జీ, పోయిన కూలి, తోడు మనిషి, తిండి, రోజా, ఇంట్లో పిల్లలు. చికిత్స మధ్యలో మానేసేవారు మానేది చాలాసార్లు వీటివల్లే.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. రోగి ఉన్న ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. రోజూ సాయంత్రం రోగినే అడిగి, ఆమె చెప్పిన మాట చెప్పినట్టే రాయండి: నొప్పి ఎంత, ఎక్కడ, ఎలాంటిది, ఎన్ని ముద్దలు తిన్నారు, వాంతులెన్ని, నిద్ర, జ్వరం, మనసులో దిగులు. ఆసుపత్రికి ఆ పుస్తకం తీసుకువెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి. కూతుళ్ళు, కోడళ్ళు లోపలికి వెళ్ళండి. మసీదు కమిటీలు పరామర్శకు వెళ్ళే పెద్దలకు ఈ ప్రశ్నలు నేర్పాలి. రోగిని చూడబోవడం మన మీద ఉన్న హక్కని ఖుత్బాల్లో వింటాం. వెళ్ళి కూర్చుని టీ తాగి రావడంతో ఆ హక్కు తీరిపోదు.

ఇక మీదట క్యాన్సర్ సోకిన మన మనిషి "అల్‌హమ్దులిల్లాహ్, బాగానే ఉంది" అన్నప్పుడు ఆ కృతజ్ఞతకు ఆమీన్ అందాం. ఆ వెంటనే కుర్చీ దగ్గరకు లాక్కుని రెండో ప్రశ్న అడుగుదాం: "నీళ్ళు మింగితే నొప్పి ఎంతమ్మా? సున్నా నుంచి పదిలో చెప్పు." ఆమె చెప్పిన అంకెను రాసుకుందాం. ఆ అంకెకు ఆసుపత్రి జవాబు చెప్పేదాకా వెంటపడదాం.